దూతను చూపించాలా, వద్దా? హిజ్కియా కథ రాయబోయేవారికి నాలుగు దారులు

బైబిలు చరిత్ర మీద నవల రాద్దామనో, సంఘంలో యవ్వనస్తుల చేత నాటకం వేయిద్దామనో అనుకున్నవాళ్లు ముందుగా పాత్రల పేర్లు, అంగీలు, కోటగోడల గురించి ఆలోచిస్తారు. అవి తర్వాతైనా దొరుకుతాయి. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. కంటికి కనబడని పోరాటాన్ని ఎవరి కంటితో చూపిస్తారు? దూత రంగం మీదకు వస్తాడా, రాడా? దురాత్మకు మాటలుంటాయా? కథ ఎవరు చెప్పాలి, ఎక్కడ మొదలవ్వాలి, ఎంత పొడవుండాలి అన్నవన్నీ దీని మీదే ఆధారపడతాయి. సగం రాశాక మనసు మార్చుకుంటే మళ్లీ మొదటి పేజీకి రావాల్సిందే.

ఊరికే మాటల్లో పోల్చడం కన్నా ఒక ఘట్టం పట్టుకుని పోలిస్తే తేడా బాగా తెలుస్తుంది. నేను తీసుకున్నది క్రీ.పూ. 701. హిజ్కియా ఏలుతున్న యూదా రాజ్యం మీదకు అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తి వచ్చిన ఏడాది. రెండవ రాజులు 18, 19 అధ్యాయాలు, యెషయా 36, 37, రెండవ దినవృత్తాంతములు 32 దీనికి మూలం. మన బైబిల్లో ఇన్నిచోట్ల ఉండి, శత్రువు సొంత రాతలోనూ ఉండి, రాళ్లలో ఇప్పటికీ చూడగలిగే ఘట్టాలు చాలా తక్కువ.

శత్రువు రాత సంగతి ముందు చెప్పాలి. సన్హెరీబు తన దండయాత్రల వివరాలను ఆరు ముఖాల మట్టి స్తంభాల మీద రాయించుకున్నాడు. వాటిలో ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో, ఒకటి షికాగోలో, ఒకటి యెరూషలేములో ఉన్నాయి. యూదాలో 46 ప్రాకార పట్టణాలు పట్టుకున్నానని, 2,00,150 మందిని బయటికి తెచ్చానని, హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించానని అందులో చెప్పుకున్నాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం అనలేదు. నీనెవెలోని తన రాజభవనంలో గోడంతా చెక్కించుకున్నది కూడా లాకీషు అనే యూదా పట్టణం ముట్టడినే. ఇంత గొప్పలు చెప్పుకునే రాజు అసలు రాజధాని దగ్గరికొచ్చేసరికి ఆ ఒక్క ముక్క ఎందుకు మింగేశాడు? నవల రాసేవాడికి ఇంతకన్నా మంచి ఆరంభం ఏం కావాలి?

ఇక దారులు చూద్దాం.

గోడ మీది మనిషి

మొదటి దారిలో దూతలు, దురాత్మలు ఎవరూ కనబడరు. యెరూషలేము ప్రాకారం మీద కాపలా ఉన్న మామూలు మనిషి చూసిందే కథ. నా ఓటు దీనికే. ఎందుకో కొంచెం విడమరచి చెబుతాను.

ఒక్క రాత్రిలో దూత మొత్తితే అష్షూరు దండులో లక్షా ఎనభై అయిదు వేలమంది చనిపోయిన సంగతికి రెండవ రాజుల గ్రంథం ఇచ్చింది ఒకే ఒక్క వచనం, 19:35. అష్షూరు రాయబారి రబ్షాకే మాటలకు, వాటిని విన్నవాళ్ల కలవరానికి, హిజ్కియా ప్రార్థనకు, యెషయా ప్రవక్త జవాబుకు మాత్రం దాదాపు రెండు అధ్యాయాలు ఇచ్చింది. బైబిలే ఆ కొలత పెట్టాక మనం దాన్ని తలకిందులు చేసి, ఒక్క వచనాన్ని నలభై పేజీల కత్తియుద్ధంగా సాగదీసి, రబ్షాకే ప్రసంగాన్ని రెండు పేజీల్లో కానిస్తే అసలు పోరాటం చేజారిపోతుంది.

ఆ ప్రసంగం ఒక్కసారి నెమ్మదిగా చదవండి. రబ్షాకే అన్నది మనిషి పేరు కాదు, అష్షూరు కొలువులో ఒక హోదా. అతను నిలబడ్డది చాకిరేవు దారిలో, మెరక కొలను కాలువ దగ్గర. హిజ్కియా తండ్రి ఆహాజును యెషయా కలుసుకుని, భయపడొద్దని చెప్పింది కూడా అక్కడే (యెషయా 7:3). తండ్రి ఆ మాట వినలేదు. ఇప్పుడు కొడుకు వంతు. బైబిలు ఈ రెండు సంఘటనల్ని కలిపి ఏ వ్యాఖ్యా చేయదు, చోటు పేరు మాత్రం చెప్పి ఊరుకుంటుంది. గోడ మీద నిలబడ్డ ఒక ముసలి కాపలాదారుకు ఆ పాత సంగతి గుర్తుంటే చాలు, మీకు మొదటి అధ్యాయం వచ్చేసినట్టే.

రబ్షాకే చెప్పేవాటిలో నిజం ఎంతుందో చూడండి. ఐగుప్తును నమ్ముకుంటే అది చేతికి గుచ్చుకునే నలిగిన రెల్లు అంటాడు. యెషయా కూడా ఐగుప్తును నమ్ముకోవద్దనే చెబుతున్నాడు కదా! రెండు వేల గుర్రాలిస్తాను, ఎక్కడానికి మనుషులున్నారా అని ఎగతాళి చేస్తాడు. లేరు, అదీ నిజమే. మీ దేవుని ఉన్నతస్థలాలను కూల్చింది మీ హిజ్కియానే కదా అంటాడు. రాజు తెచ్చిన సంస్కరణ శత్రువు చేతిలో ఆయుధమైపోయింది. నేనైతే ఇక్కడ ఒక పాత్రను నిలబెడతాను. తాతల కాలం నుంచీ బలులు అర్పిస్తున్న తమ ఊరి గుట్ట మీది బలిపీఠాన్ని రాజు మనుషులొచ్చి పడగొడితే లోపల్లోపల ఇంకా కుమిలిపోతున్న మనిషి. లాకీషు వైపు పల్లె నుంచి పారిపోయి యెరూషలేములో తల దాచుకున్నాడు. రబ్షాకే ఆ మాట అనగానే అతనికి ఏమనిపిస్తుంది? ఆత్మీయ పోరాటం జరిగేది అక్కడే, ఆ మనిషి గుండెలో. రెక్కల అవసరం లేదు.

ఆ తర్వాత ఇంకా గట్టి దెబ్బ. యెహోవాయే నన్ను ఈ దేశం మీదకు పొమ్మన్నాడు అంటాడు రబ్షాకే. ప్రజలకు అర్థం కాకుండా అరామిక్‌లో మాట్లాడమని హిజ్కియా అధికారులు ఎల్యాకీము, షెబ్నా, యోవాహు బతిమాలుకుంటే, అతను ఇంకా గొంతు పెంచి యూదుల భాషలోనే గోడ మీది వాళ్లకు వినబడేలా అరుస్తాడు. లొంగిపోతే మీ ద్రాక్షపండ్లు, మీ అంజూరపండ్లు మీరే తింటారు, మీ బావి నీళ్లు మీరే తాగుతారు, తర్వాత ఇలాంటి దేశానికే తీసుకుపోతాను అని ఆశ పెడతాడు. ప్రజలు ఒక్క మాట కూడా తిరిగి అనరు, ఎందుకంటే జవాబివ్వొద్దని రాజు ముందే చెప్పి ఉంచాడు. ఆ మౌనాన్ని రాయగలిగితే ఈ దారి మీకు సరిపోయినట్టే.

షెబ్నాను కూడా వదులుకోకండి. యెషయా 22లో ఇతను గృహనిర్వాహకుడు. తన కోసం ఎత్తయిన చోట సమాధి తొలిపించుకుంటున్నాడని ప్రవక్త మందలిస్తాడు, నీ పదవి ఎల్యాకీముకు పోతుందని చెబుతాడు. 36వ అధ్యాయానికి వచ్చేసరికి ఎల్యాకీము గృహనిర్వాహకుడు, షెబ్నా లేఖరి. పదవి పోగొట్టుకున్నవాడు, ఆ పదవి దక్కించుకున్నవాడు ఒకే గోడ కింద పక్కపక్కన నిలబడి శత్రువు మాటలు వింటున్నారన్నమాట.

ఈ దారిలో ఇబ్బంది కూడా ఉంది. ఓపిక కావాలి. ముగింపులో ఆ రాత్రి ఏం జరిగిందో మీ పాత్రకు తెలియదు, పొద్దున లేచి చూస్తాడంతే. దూత ఎక్కడ, యుద్ధం ఎక్కడ అని అడిగే పాఠకులు కొందరుంటారు. వాళ్ల కోసమైతే రెండో దారి ఉంది.

రెండు అంతస్తుల కథ

కింద మనుషుల కథ, పైన దూతలకూ దురాత్మలకూ యుద్ధం. కింద ఎవరైనా ప్రార్థిస్తే పైన కత్తికి పదును. 1986లో అమెరికా రచయిత ఫ్రాంక్ పెరెట్టి ఒక నవలతో ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. వేగం ఉంటుంది, పేజీలు పరుగెడతాయి, యవ్వనస్తులకు నచ్చుతుంది. ప్రార్థన వట్టి మాటలు కాదన్న సంగతి నేరుగా కళ్లకు కడుతుంది. ఈ మేలును తక్కువ చేయలేం.

దీనికి వాక్యాధారం లేకపోలేదు. దానియేలు 10లో జవాబు తెస్తున్న దూతను పారసీకుల రాజ్యాధిపతి 21 దినాలు అడ్డగించాడని, మిఖాయేలు సహాయానికి వచ్చాడని ఉంది. మొదటి రాజులు 22లో మీకాయా పరలోక సభను చూస్తాడు, యోబు మొదటి అధ్యాయమూ అలాంటిదే. అంటే పై అంతస్తులో ఏం మాట్లాడుకున్నారో లేఖనమే వినిపించిన చోట్లున్నాయి. ఈ పద్ధతి మీద మనసు పడితే అలాంటి ఘట్టమే ఎంచుకోండి. దానియేలు ఉపవాసముండి దుఃఖపడిన మూడు వారాలు దీనికి సరిగ్గా కొలిచి కుట్టినట్టుంటాయి. కింద జవాబు రాక నలిగిపోతున్న ముసలి ప్రవక్త, పైన ఆగిపోయిన జవాబు.

హిజ్కియా ఘట్టంలో మాత్రం పై అంతస్తు ఖాళీగా ఉంది. దూత బయలుదేరాడు, మొత్తాడు, అంతే. పేరు లేదు, మాట లేదు, ఎదురు నిలిచిన దురాత్మా లేదు. అంతా మీరే కల్పించాలి. అక్కడే తెలుగు రచయితకు ఇంకో చిక్కు ఎదురవుతుంది. మన చేతికి అలవాటైన దివ్య యుద్ధం పౌరాణిక సినిమాల్లోది. అస్త్రానికి అస్త్రం, మెరుపుకు మెరుపు, మధ్యలో అట్టహాసం. తెలియకుండానే మిఖాయేలు కిరీటం పెట్టుకుని పద్యం అందుకుంటాడు. పౌరాణికాన్ని తక్కువ చేసి అంటున్న మాట కాదిది. దాని అందం దానిది. రాజుల గ్రంథం గొంతు మాత్రం అది కాదు.

ఇంకో జాగ్రత్త మరీ ముఖ్యం. పైన దురాత్మలను నిలబెట్టగానే కింది మనుషుల్లో ఎవరు దాని తొత్తులో చూపించాలని చెయ్యి లాగుతుంది. పక్క మతం వాళ్లో, మానసిక జబ్బుతో బాధపడేవాళ్లో, ఎదురు ప్రశ్న వేసిన ఆడమనిషో ఆ పాత్రలో ఇరుక్కుంటారు. "మనము పోరాడునది శరీరులతో కాదు" అని ఎఫెసీ పత్రిక 6:12 చెబుతుంటే, దాని పేరు చెప్పి రాసే కథ శరీరులనే శత్రువులుగా చూపిస్తే ఎలా? అష్షూరు సైనికుడికి కూడా నీనెవెలో ఒక తల్లి ఉంటుంది. ఆ ఒక్క పేజీ రాయలేనివాళ్లు ఈ దారి పట్టకపోవడమే మంచిది.

రెండింటి మధ్య రాజీ కావాలనుకుంటే దోతాను అనే ఊరి ఘట్టం వైపు చూడండి, రెండవ రాజులు 6. ఎలీషా ప్రవక్త ప్రార్థిస్తే అతని పనివాడి కళ్లు తెరుచుకుంటాయి, కొండ నిండా అగ్ని గుర్రాలు, రథాలు. ఒక్క క్షణం చూపించి మూసేసిన తలుపు అది. తమాషా ఏమిటంటే ఆ అగ్ని సైన్యం ఒక్క కత్తీ దూయదు. ప్రవక్తను పట్టుకోవడానికి వచ్చిన సిరియనులకు చూపు పోతుంది, షోమ్రోనుకు నడిపించబడతారు, కడుపునిండా అన్నం తిని ఇంటికి పోతారు. దూతలు కనిపించాలి, రక్తం మాత్రం వద్దు అనుకునే సండే స్కూల్ టీచర్లకు ఇంతకన్నా మంచిది దొరకదు.

శత్రువు గొంతు

మూడో దారిలో కథ చెప్పేది ఎదుటి పక్షం. సి.ఎస్. లూయిస్ 1942లో అచ్చయిన పుస్తకంలో ఒక పెద్ద దయ్యం చేత చిన్న దయ్యానికి ఉత్తరాలు రాయించాడు. ఆ ఎత్తును మళ్లీ అరువు తెచ్చుకోవద్దు, ఇప్పటికే చాలామంది తెచ్చుకున్నారు. మన ఘట్టంలో అంతకన్నా మంచి గొంతు సిద్ధంగా ఉంది. రబ్షాకేనే చెప్పనివ్వండి.

అతను పిచ్చివాడు కాదు, వెర్రికేకలు వేసే రకమూ కాదు. పరాయి భాష నేర్చుకున్నాడు, అక్కడి మత వివాదాలు తెలుసుకున్నాడు, ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో కనిపెట్టాడు. నలభై ఆరు పట్టణాల్లో పనిచేసిన మాటలు నలభై ఏడోదాని దగ్గర ఎందుకు పనిచేయలేదో అతనికి అంతుపట్టదు. గోడ మీద అందరూ నోరు మూసుకున్నారు, ఒక్కడూ తిట్టలేదు. వాదించేవాణ్ణి గెలవొచ్చు. మాట్లాడనివాణ్ణి ఏం చేయాలి?

ఏకపాత్రాభినయానికి, అరగంట ఆడియో కథకు ఈ దారి చక్కగా కుదురుతుంది. పెద్ద నవలకు చాలదు, ఎందుకంటే అష్షూరు నుంచి వచ్చిన బెదిరింపు ఉత్తరాన్ని హిజ్కియా మందిరంలో యెహోవా ముందు విప్పి పరచిన గడియ ఇతనికి కనబడదు. అది లేని కథ సగం కథే. పైగా శత్రువు గొంతు మరీ తియ్యగా ఉంటే విన్నవాళ్లు అతని పక్షం చేరిపోతారు. చేరాలి కూడా, కొంతసేపు. ఆ తర్వాత వాళ్లను వెనక్కి తెచ్చే బాధ్యత రాసేవాడిదే.

రెండు లెక్కలు

నాలుగో దారి చరిత్ర మీద మోజున్నవాళ్లకు. నీనెవెలో మట్టి మీద అక్షరాలు గుచ్చే లేఖరి ఒకడు, యెరూషలేములో రాజుల వృత్తాంతం రాసే లేఖరి ఒకడు. ఒకే ఏడాదిని ఇద్దరూ రాస్తున్నారు. హిజ్కియా కట్టిన కప్పం దగ్గర ముప్పై తలాంతుల బంగారమని ఇద్దరూ అంటారు. వెండి దగ్గర యూదా లేఖరి 300 అంటాడు, అష్షూరు లేఖరి 800 అంటాడు. దూత సంగతి ఒకడి దగ్గర ఒక్క వాక్యం, రెండోవాడి దగ్గర ఏమీ లేదు. దాదాపు రెండున్నర శతాబ్దాల తర్వాత గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఐగుప్తులో ఇంకో కథ విన్నాడు. ఎలుకలు వచ్చి సన్హెరీబు సైన్యం అమ్ముల పొదులనూ వింటి నారులనూ కొరికేశాయని, దాంతో సైన్యం పారిపోయిందని. అది తెగులుకు గుర్తేమోనని ఊహించినవాళ్లున్నారు. మీ కథలో ఏ పాత్ర ఏది నమ్ముతుందో మీరు తేల్చుకోండి. అందరి చేతా ఒకటే చెప్పించాలన్న నియమం లేదు.

తెలివైన దారే కానీ చల్లగా ఉంటుంది. గుండెకు తగలాలంటే ఆ లేఖరుల్లో ఒకరికైనా లాకీషులో పోయినవాళ్లు ఉండాలి.

ఏ వేదికకు ఏది

నవలకైతే గోడ మీది మనిషి, కావాలంటే మధ్యమధ్య రబ్షాకే అధ్యాయాలు. రెండు గొంతులు చాలు, మూడోది వద్దు.

సంఘం నాటకానికి లెక్క వేరు. రెండు అంతస్తుల కథ కాగితం మీద బాగానే ఉంటుంది, వేదిక మీదకు వచ్చేసరికి థర్మాకోల్ రెక్కలు తలుపుకు తట్టుకుంటాయి, నల్ల బట్టలు కట్టుకుని ముఖానికి మసి పూసుకున్న దురాత్మను చూసి ముందు వరస పిల్లలు కిలకిలా నవ్వుతారు. ఆ తర్వాత హిజ్కియా ఎంత ఏడ్చినా లాభం లేదు. వేదిక మీద రబ్షాకేను ప్రేక్షకుల వెనక నుంచి, గుమ్మం దగ్గర నుంచి మాట్లాడనివ్వండి. కూర్చున్నవాళ్లే గోడ మీది జనం అవుతారు. అతని మాట మీ ప్రాంతం యాసలోనే ఉండాలి. కరీంనగర్‌లో వేస్తే కరీంనగర్ యాస, భీమవరంలో వేస్తే అక్కడిది. రాజు కొలువులోని వాళ్లు గ్రాంథికంలో మాట్లాడుతుంటే శత్రువు ఒక్కడే మనింటి మాట మాట్లాడతాడు. భయం దానంతట అదే పుడుతుంది.

నన్నడిగితే తెలుగులో ఈ కథకు బుర్రకథను మించింది లేదు. యేసు కథలనూ దావీదు కథలనూ బుర్రకథగా చెప్పడం మన సంఘాల్లో ఉన్నదే. కథకుడు దూత సంగతిని ఒక్క చరణంలో పాడేస్తాడు, ఎవరూ రెక్కలు కట్టుకోనక్కర్లేదు. రాజకీయం చెప్పే వంత అడ్డం పడి, "ఆగు ఆగు, రబ్షాకే అన్నదాంట్లో తప్పేముంది? గుర్రాలిచ్చినా ఎక్కేవాళ్లు లేరు కదా!" అని నిలదీయొచ్చు. జనం మనసులో ఉన్న అనుమానం అతని నోట వస్తుంది. హాస్యం చెప్పే వంత నవ్విస్తాడు, కానీ ఆ నవ్వు దురాత్మను చూసి వచ్చిన నవ్వులా కథను చెడగొట్టదు.

షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకు సైన్యం చూపించే డబ్బు ఎలాగూ ఉండదు. ముట్టడికి ముందు యెరూషలేములోకి నీళ్లు మళ్లించడానికి హిజ్కియా తవ్వించాడని చెప్పే సొరంగం తీసుకోండి. గీహోను ఊట నుంచి సిలోయము కొలను వరకు 533 మీటర్లు, రెండు జట్లు రెండు వైపుల నుంచి రాతిని తొలుచుకుంటూ వచ్చాయి. 1880లో బయటపడిన శాసనం ప్రకారం, ఇంకొన్ని మూరలు మిగిలి ఉండగా అవతలి మనిషి పిలుపు ఇవతలి మనిషికి వినబడింది. చీకటి, ఒక దీపం, ఇద్దరు నటులు, సుత్తి చప్పుడు. ముట్టడి భయమంతా అందులో పట్టేస్తుంది.

తప్పకుండా సరిచూసుకోవాల్సినవి

యెరూషలేము ముందు ముట్టడి దిబ్బ కట్టించకండి. అతడు ఈ పట్టణానికి ఎదురుగా దిబ్బ కట్టడని యెషయా అన్నాడు (రెండవ రాజులు 19:32). సన్హెరీబు శాసనం కూడా పట్టణం చుట్టూ కాపలా స్థావరాలు కట్టి దారులు మూయించిన సంగతే చెబుతుంది. దిబ్బ ఉన్నది లాకీషులో. దాని ఆనవాళ్లు ఇప్పటికీ కనబడతాయి.

హిజ్కియాను మొదటి నుంచీ విశ్వాస వీరుడిగా నిలబెట్టకండి. మొదట అతను లొంగిపోయాడు. తప్పు నాదే, ఎంత అడిగినా ఇస్తాను అని కబురు పెట్టి, మందిరం తలుపుల బంగారాన్ని ఒలిచి ఇచ్చాడు (18:14–16). డబ్బు తీసుకున్నాక కూడా సైన్యం వచ్చింది. చాలా నాటకాల్లో ఈ భాగం మాయమవుతుంది. అది తీసేస్తే ఆ తర్వాతి ప్రార్థనకు బరువుండదు.

చివరిది కాలం. సన్హెరీబు నిస్రోకు గుడిలో మొక్కుతుండగా కొడుకులు చంపిన సంగతి 19వ అధ్యాయం చివరి వచనాల్లో వెంటనే వస్తుంది కాబట్టి, అది మర్నాడో మరుసటి నెలో జరిగినట్టు చాలామంది రాసేస్తారు. అతను చనిపోయింది క్రీ.పూ. 681లో, అంటే ఇరవై ఏళ్ల తర్వాత. నాటకంలో ఆ ఖాళీని కథకుడి ఒక్క మాటతో దాటించొచ్చు. నవలలో అయితే దాన్ని విడిగా ఒక చిన్న అధ్యాయం చేసి, పైన సంవత్సరం వేసి, అప్పటికి పండు ముసలివాడైన ఆ గోడ మీది మనిషికి నీనెవె నుంచి వచ్చిన వర్తకుడి చేత ఆ వార్త చెప్పించండి.